గ్రీకు బొమ్మల బాడీ నిజంగ మనిషికి వస్తదా? మా జిమ్ముల లొల్లి అయితుంది, తెలిసినోళ్ళు చెప్పుండ్రి

జిమ్మన్న_నల్లగొండ:

అందరికి నమస్తే. నాకు నల్లగొండల చిన్న జిమ్ము ఉన్నది. లోపలి గోడకు పెద్ద పెయింటింగ్ ఏపిద్దామని ఆర్టిస్టు తమ్మున్ని పిలిస్తే ఆయన ఫోన్ల గ్రీకు బొమ్మలు చూపెట్టిండు, డిస్కు ఇసిరేటోడు ఒకడు, బల్లెం పట్టుకొని నిలబడ్డోడు ఒకడు, సముద్రంల దొరికిన గడ్డాల కంచు బొమ్మలు రెండు. ఇగ అవి చూసినకాంచి మా పోరగాళ్ళు రెండు పార్టీలయి కొట్లాడుతుండ్రు. ఒకలేమో అప్పట్ల మనుషులు గట్లనే ఉండేటోళ్ళు, కల్తీ లేని తిండి, యుద్ధాలు, పొద్దంత కసరత్తు, అందుకే గా బాడీలు అంటరు. ఇంకొకలేమో అదంత ఉత్తదే, శిల్పి మనసుల ఏదుంటే అది చెక్కిండు, ఇప్పుడు ఫోన్ల ఫిల్టర్ ఏసినట్టే అంటరు.

నా అసలు డౌట్ వేరే ఉన్నది. నడుము కింద తుంటి ఎముక మీదికెల్లి ఒక మందపాటి గట్టు లెక్క పోతది చూడుండ్రి, ముందట పొత్తికడుపు కాడ మొదలై పక్కకు తిరిగి కొన్ని బొమ్మలకైతే ఎనకకు గూడ పోతది. మా కాడ పోటీలకు పోయే పోరగాళ్ళకు వీ కట్ మంచిగనే ఉన్నది గని గంత మందంగ, గట్ల చుట్టు తిరిగి ఒక్కనికి గూడ రాలె. ఏం ఎక్సర్‌సైజ్ చేస్తే వస్తది? అసలు వస్తదా రాదా? ఇంకోటి, ఛాతి, చేతులు సూస్తే మా దగ్గర రెగ్యులర్‌గ వచ్చే పోరనికంటే పెద్దగేం లేవు, గని మొత్తం నిలువుగ సూస్తే కన్ను తిప్పుకోనియ్యదు ఆ బొమ్మ. గదెట్ల?

పాలమూరు_ఫిజియో:

అన్నా నేను మహబూబ్‌నగర్ల ఫిజియోథెరపీ చేస్త, మీరడిగిన గట్టు సంగతి నాకు చానా ఇష్టమైన టాపిక్, జర పెద్దగనే రాస్త, ఏమనుకోకుండ్రి.

అది పూర్తిగ పుట్టించింది కాదు. పక్కటెముకల కాంచి ఏటవాలుగ కిందికి దిగే సైడు కండ ఉంటది, ఎక్స్‌టర్నల్ ఆబ్లిక్ అంటం మేము, అది తుంటి ఎముక అంచు మీదికి వచ్చి అతుక్కుంటది. కొవ్వు తక్కువున్న మనిషికి ఆ అంచు కాడ కండ కొంచెం మీదికి ఒరిగినట్టు కనపడ్తది, దాని కిందికెల్లి పొత్తికడుపు దిక్కు ఒక గీత దిగుతది, మీ పోరగాళ్ళకు ఉన్న వీ కట్ అదే. గంతవరకు నిజమే. మీరు చెప్పిన గడ్డాల కంచు బొమ్మలు రియాచే బొమ్మలు, ఇటలీ దక్షిణాన రియాచే అనే ఊరి కాడ 1972 ఆగస్టు 16 నాడు సముద్రంల ఈతకొట్టే ఒకాయనకు కనపడ్డయి, క్రీ.పూ. 5వ శతాబ్దంవి, ఒక్కొక్కటి దాదాపు 2 మీటర్లు. వాటికి ఆ గట్టు ఎట్లుంటదంటే ముందట మొదలై పక్కలకెల్లి ఎనక నడుము దాంక తిరిగిపోతది, వెన్ను మధ్యల గాడి కూడ మనిషికి ఉండేదానికంటే లోతుగ ఉంటది. గది ఏ మనిషికి ఉండదు. ఎన్ని క్రంచులు చేసినా రాదు. దయచేసి బరువు డంబెల్ పట్టుకొని సైడు బెండ్లు చేపియ్యకుండ్రి దాని కోసం, నడుము మందమైతది తప్ప గట్టు రాదు, డిస్కు నొప్పులతోని మా కాడికి వచ్చేటోళ్ళల్ల గసొంటోళ్ళు కూడ ఉంటరు.

మరి వాళ్ళెందుకు పెట్టిండ్రంటే నాకు అర్థమైనంత వరకు, మొండెం ఒక దిక్కు కాళ్ళు ఒక దిక్కు స్పష్టంగ విడదీసి చూపెట్టనీకి. దూరం నుంచి సూసినా నడుము ఎక్కడ ఒంగింది, ఏ దిక్కు వాలింది అన్నది ఆ గట్టు చూస్తేనే తెలుస్తది. మీరు ఫోన్ల ఆ గట్టు మీద వేలు పెట్టి మూసి చూడుండ్రి, బొమ్మ సగం బలం పోతది.

ఇంకో సంగతి మీ పోరగాళ్ళకు చెప్పుండ్రి. ఆ శిల్పులు శవాన్ని కోసి సూసినోళ్ళు కాదు. గ్రీకుల్ల మనిషి శవాలను పద్ధతిగ కోసి సూసిన హెరోఫిలస్ అనే వైద్యుడు అలెగ్జాండ్రియాల క్రీ.పూ. 3వ శతాబ్దపోడు, అంటే ఈ బొమ్మలయినంక నూటయాభై ఏండ్లకు పైనే. వీళ్ళు నేర్చుకున్నదంత బయటి నుంచి సూసి నేర్చుకున్నదే. రోజు పొద్దుగాల కసరత్తు మైదానంల బట్టల్లేకుండ నూనె పూసుకొని కుస్తీ పట్టే మగోళ్ళను చిన్నప్పటి సంది సూస్తుంటే చర్మం కింద ఏ కండ ఎప్పుడు ఉబ్బుతదో, ఎప్పుడు జారుతదో కంటికి పట్టుబడుతది. మాకు అయిదేండ్లు పుస్తకాలల్ల సదివితే గని రాని చూపు అది.

ఇగ కన్ను తిప్పుకోనియ్యదు అన్నరు కదా, దానికి జవాబు కండల సైజుల లేదు, నిలబడుడుల ఉన్నది. అంతకుముందటి బొమ్మ చూడుండ్రి, క్రీ.పూ. 590 ప్రాంతంల చేసిన యువకుని బొమ్మ ఒకటి న్యూయార్క్ మెట్ మ్యూజియంల ఉన్నది. చేతులు తొడల పక్కన, పిడికిళ్ళు బిగించి, ఎడమ కాలు ముందటికి. ఈ పోజు ఈజిప్టు నుంచి నేర్చుకున్నరు. కాలు ముందటికి వచ్చింది గని తుంటి రెండు దిక్కుల సమానంగనే ఉంటది, భుజాలు సమానం, వెన్ను కర్ర లెక్క. కడుపు మీది గీతలు కండలు కావు, డిజైన్. బొడ్డు మీద మనకు అడ్డంగ సాధారణంగ రెండు గీతలు కనపడ్తయి, ఆ తొలి బొమ్మలకు మూడు, అంతకంటె ఎక్కువ గూడ పెట్టిండ్రు. చెవులైతే ముగ్గు మెలిక తిప్పినట్టే.

తర్వాత క్రీ.పూ. 480 అటుఇటు ఏథెన్స్ కోట మీది ఒక పిల్లగాని బొమ్మ, క్రిటియోస్ బాలుడు అంటరు, దాంట్ల బరువంత ఎడమ కాలు మీద పడ్డది, కుడి మోకాలు సడలింది. ఒక్కసారి అద్దం ముంగట నిలబడి కుడి కాలు మీద బరువేసి ఎడమ మోకాలు ఒదిలి చూడుండ్రి అన్నా. ఎడమ తుంటి కిందికి దిగుతది, దాన్ని సరిచేయనీకి నడుము ఒంగుతది, కుడి భుజం జర కిందికొస్తది. బరువు మోసే దిక్కు పిరుదు, తొడ బిగిస్తయి, రెండో దిక్కు ఒదులైతయి. ఆ బొమ్మల కుడి ఎడమ కండలు ఒక్క తీరుగ ఉండవు, అందుకే ఊపిరి తీస్తున్నడు అనిపిస్తది. పోటీల స్టేజీ మీద మీ పోరగాళ్ళు అన్ని కండలు ఒక్కసారే బిగబడ్తరు కదా, గ్రీకోళ్ళది దానికి పూర్తి ఉల్టా.

జిమ్మన్న_నల్లగొండ:

అక్కా మస్తు చెప్పిండ్రు. అద్దం ముంగట నిలబడి చూసిన, తుంటి దిగుడు కరెక్టే. సైడు బెండ్లు రేపటి సంది బంద్.

నకిరేకల్_నవ్వులు:

అందరు గట్టు గురించి, గాడి గురించి అడుగుతుండ్రు గని నా డౌట్ ఎవ్వరికి రాలేదా... గంత పెద్ద బాడీకి గక్కడ గంత చిన్నగ ఎందుకు చెక్కిండ్రు శిల్పులు? రాయి సరిపోలేదా హహహ

గ్రూప్స్_బ్యాచ్:

నవ్వులాటకు అడిగినా దానికి జవాబు ఉన్నది అన్నా. వాళ్ళ లెక్కల చిన్నగ ఉండుడే మర్యాద, మనసు అదుపుల ఉన్నదని గుర్తు. పెద్దగ ఉండేది మనిషి ఒంటికి గుర్రం తోక, గుర్రం చెవులు ఉండే తాగుబోతు సాటిర్‌లకు, నవ్వించే నాటకాల వేషాలకు. అరిస్టోఫనీస్ అనే నాటకకర్త క్రీ.పూ. 423ల ఆడిన మేఘాలు నాటకంల ఒక పెద్దమనిషి పాత్ర కుర్రాళ్ళకు చెప్తది, కసరత్తు మైదానంల పెరిగితే ఛాతి బలంగ, ఒళ్ళు నిగనిగ, భుజాలు ఎడల్పు, నాలుక చిన్నగ, అది గూడ చిన్నగ ఉంటదని. నాలుక గూడ చిన్నగనే ఉండాలన్నడు, గది జర గమనించు.

ఉలి_సుత్తె:

అన్నా నేను భువనగిరి దిక్కు రాతి పని చేస్త. యాదాద్రి కొత్త గుడి కట్టేటప్పుడు అక్కడ గూడ నల్లరాతి పనిల ఉన్న. మీ పోరగాళ్ళ రెండు పార్టీలల్ల ఎవ్వరు గెలవరు. నిజం మనిషిని సూసి చెక్కుడు వేరు, మనసులకెల్లి చెక్కుడు వేరు, ఇది మూడోది, లెక్క మీద చెక్కుడు.

బల్లెం పట్టుకున్నోని బొమ్మ ఆర్గోస్ ఊరి పోలిక్లీటస్ అనే శిల్పిది, క్రీ.పూ. 440 అటుఇటు, కంచుల పోసిండు. ఆయన ఉత్తగ బొమ్మ చెయ్యలె, శరీరం కొలతల మీద కానన్ అని ఒక పుస్తకమే రాసిండు. అది పోయింది. తర్వాత ఎన్నో ఏండ్లకు గాలెన్ అనే వైద్యుడు చెప్పిన మాట ఒకటి మిగిలింది, అందం అనేది ఒక్కొక్క అవయవంల లేదు, వేలికి వేలికి, వేళ్ళన్నిటికి అరచేతికి మణికట్టుకు, వాటికి ముంజేతికి, ముంజేతికి పై చేతికి ఉండే లెక్కల ఉన్నదని. అంకెలేం మిగలలె, అందుకే ఇప్పటికి పండితులు రోమన్ల కాపీల మీద స్కేళ్ళు పెట్టి కొలుసుకుంటనే ఉన్నరు. మోటుగ చెప్పాలంటే ఆయన బొమ్మకు తలకాయ ఒక వంతు అయితే మొత్తం ఎత్తు ఏడు వంతులు. నూరేండ్లకు లిసిప్పస్ అనేటాయన వచ్చి తలకాయ చిన్న చేసి ఎనిమిది వంతులు చేసిండు, ఒళ్ళు సన్నగ చేసిండు, మనిషి పొడుగ్గ కనపడ్తడని. చూసినవా, నూరేండ్లల్ల మనుషులు మారలె, లెక్క మారింది.

మాకు ఇది కొత్తేం కాదు. మా గురువు దగ్గర ఉలి పట్టుకునే ముందల తాళమానం అనే బొమ్మ కొలతల లెక్క నేర్చుకోవాలె. నవతాళం అంటే తొమ్మిది ముఖాల ఎత్తు బొమ్మ, దానికి ముఖం 12 అంగుళాలు, మెడ 4, మెడ కాంచి గుండె 12, గుండె కాంచి బొడ్డు 12, బొడ్డు కాంచి కింద మూలం దాంక 12, తొడ 24, మోకాలు 4, పిక్క 24, పాదం 4, మొత్తం 108. ఈ అంగుళం టేపు మీద ఉండే ఇంచు కాదు, ఆ బొమ్మ ముఖంల పన్నెండో వంతు, బొమ్మ జానెడున్నా తాడిచెట్టంత ఉన్నా లెక్క మారది. పెద్ద దేవుళ్ళకు దశతాళం. మేము పట్టుకునేది నుదుటి మీద వెంట్రుకల కాంచి గడ్డం దాంక ముఖం, పైన చెప్పిన గ్రీకోళ్ళ లెక్క నెత్తి కాంచి గడ్డం దాంక తలకాయ, అందుకే రెండింటిని పక్కపక్కన పెట్టి ఇది ఎక్కువ అది తక్కువ అనొద్దు.

ఈజిప్టోళ్ళది ఇంక గట్టి. డయోడోరస్ అనే గ్రీకు చరిత్రకారుడు రాసిండు, ఈజిప్టోళ్ళు ఒంటిని ఇరవై ఒకటింబావు భాగాలు చేస్తరంట. ఆ పద్ధతి నేర్చుకున్న అన్నదమ్ములు ఇద్దరు, ఒకాయన సామోస్ దీవిల సగం బొమ్మ, ఇంకొకాయన ఎఫెసస్‌ల సగం బొమ్మ చేసి తెచ్చి కలిపితే ఒక్కరు చేసినట్టే అతికిందంట. కథ నిజమో కాదో గని లెక్క పక్కాగ ఉంటే అయ్యే పనే అది, నేను నమ్ముత.

పోలిక్లీటస్ గొప్పతనం ఎక్కడంటే, లెక్కను పెట్టి మళ్ళ దాన్ని కదిలించిండు. కుడి కాలు బరువు మోస్తది, ఎడమ కాలు ఎనకకు సడలింది. చేతులకు వస్తే ఉల్టా, ఎడమ చెయ్యి మడిచి బల్లెం పట్టుకున్నది, కుడి చెయ్యి ఊరికె యాలాడుతుంది. బిగిసింది బిగిసిందానికి మూలకు, ఒదులు ఒదులుకు మూలకు. గుణకారం గుర్తు గీసినట్టు. జిమ్మన్నా నువ్వు ఛాతి చిన్నగున్నా కన్ను తిరగది అన్నది గిందుకే.

తాలీం_వనపర్తి:

మా తాత తాలీంల కుస్తీ పట్టినోడు, అందుకే నా ఇంట్రెస్టు వేరే దిక్కు. గ్రీకోళ్ళు ఆలివ్ నూనె పూసుకొని మీద సన్న దుమ్ము చల్లుకొని పట్లు పట్టేటోళ్ళు, అయిపోయినంక ఒంపు తిరిగిన ఇనుప పట్టీతోని నూనె, చెమట, మట్టి అంత గీకి తీసేటోళ్ళు. పైన ఉలి అన్న చెప్పిన లిసిప్పస్ చేసిన పేరున్న బొమ్మ గదే, ఒకడు చెయ్యి ముందటికి చాచి ఒళ్ళు గీక్కుంటుంటడు, గెలిచి నిలబడ్డోడు కాదు, అలిసి నిలబడ్డోడు. పాలరాతి కాపీ 1849ల రోముల దొరికింది, వాటికన్‌ల ఉన్నది.

నిజం ఒళ్ళు సూడాలంటే మాత్రం ఆ బల్లెం పట్టుకున్నోన్ని కాదు, కూసున్న బాక్సర్ కంచు బొమ్మను సూడుండ్రి. 1885ల రోముల తవ్వకాలల్ల బయటపడ్డది. ముక్కు పగిలి, చెవులు ఉబ్బి ముద్దయి, పెదవి లోపలికి పోయి, చేతులకు తోలు పట్టీలు చుట్టుకొని పక్కకు తలెత్తి సూస్తుంటడు. దెబ్బలు, కారే రక్తం చూపెట్టనీకి వేరే రంగుల రాగి పొదిగిండ్రు ఆ కంచుల. ఇది అలెగ్జాండర్ తర్వాతి కాలంది అంటరు, అప్పటికి గ్రీకు శిల్పులు అందగాళ్ళతోని విసిగిపోయి ముసలోళ్ళను, తాగుబోతు ముసలవ్వలను, చిన్న పోరగాళ్ళను గూడ చెక్కుడు మొదలుపెట్టిండ్రు. నా మటుకు నేను లెక్క బొమ్మలు అన్నిటికంటె ఈ ఒక్క బాక్సర్‌కే దండం పెడ్త. కుస్తీ పట్టినోని చెవి గట్లనే ఉంటది, మా తాతది సూసిన.

జిమ్ముకు కావాల్సిన కథ ఒకటి చెప్త. క్రోటన్ ఊరి మైలో అని పహిల్వాన్, క్రీ.పూ. 6వ శతాబ్దం, ఒలింపిక్స్‌ల కుస్తీ ఆరు సార్లు గెలిచిండు. రోజు ఒక లేగదూడను భుజాలకెత్తుకొని నడిచేటోడంట, దూడ పెరిగి ఎద్దయ్యేదాంక, బరువు దానితోపాటె పెరిగింది. కథే కావచ్చు, గని బరువు కొంచెం కొంచెం పెంచుడు అనేది మీరు ఇయ్యాల చెప్పేదే కదా.

జిమ్మన్న_నల్లగొండ:

అన్నా ఆ దూడ కథ రేపే బోర్డు మీద రాపిస్త. మరి ఈ బాడీబిల్డింగ్ పోటీలకు గ్రీకు బొమ్మలకు సంబంధం ఉన్నదంటరు, నిజమేనా?

గ్రూప్స్_బ్యాచ్:

ఉన్నది. యూజిన్ సాండో అని, 1867ల పుట్టిన జర్మన్ బలశాలి, చిన్నప్పుడు ఇటలీల పాత విగ్రహాలు సూసి తనకు ఈ పిచ్చి పట్టిందని చెప్పుకునేటోడు. ఒళ్ళంత తెల్ల పౌడర్ పూసుకొని పాలరాతి బొమ్మ లెక్క నిలబడి షోలు చేసిండు. 1901 సెప్టెంబర్ 14న లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్ల పెద్ద పోటీ పెట్టిండు, దానికి జడ్జీలు సాండో, షెర్లాక్ హోమ్స్ కథల రచయిత కోనన్ డాయిల్, ఇంకా చార్లెస్ లాస్ అనే శిల్పి. శిల్పిని జడ్జీగ పిలిచిండ్రంటే ఏం కొలుస్తున్నరో అర్థం చేసుకోండి. మిస్టర్ ఒలింపియా అనే బాడీబిల్డింగ్ పోటీల గెలిచినోనికి ఇచ్చే బొమ్మ సాండోదే.

ఇగ రంగు సంగతి ఎవ్వరు ఎత్తలె. ఆర్టిస్టు తమ్మునికి చెప్పండి, తెల్లగ ఏస్తే అది గ్రీకు బొమ్మ కాదు. పాలరాతి బొమ్మలకు వెంట్రుకలు, కండ్లు, పెదవులు, బట్టల అంచులు అన్నిటికి రంగులు ఉండేవి, ఎర్ర సింధూరం, పసుపు మట్టి, ఈజిప్టు నీలం. మట్టిల పడి, వానకు తడిసి రంగు పోయింది. పద్దెనిమిదో శతాబ్దంల వింకెల్మన్ అనే జర్మన్ పండితుడు 1764ల పెద్ద పుస్తకం రాసి తెలుపే అందం అన్నట్టు జనాల మనసుల పెట్టిండు, ఆయన గ్రీసు దేశం కాలు పెట్టి చూసింది గూడ లేదు. లండన్ల బ్రిటిష్ మ్యూజియంల 1937, 38లల్ల ఏథెన్స్ పార్థెనాన్ గుడి శిల్పాలను రాగి పనిముట్లతోని గీకి తెల్లగ చేసిండ్రు, రాతి పై పొరనే పోయింది. ఇప్పుడు బ్రింక్‌మన్ అనే ఆయన, ఆయన బృందం అతినీలలోహిత కిరణాలు ఏసి మిగిలిన రంగు జాడలు పట్టి, రంగులేసిన నమూనాలు చేసి 2003ల మ్యూనిక్‌ల ఎగ్జిబిషన్ పెట్టిండ్రు. చూసినోళ్ళు కొందరు గంత రంగు చూసి ముఖం ముడిచిండ్రు. మనకు గోపురం మీద రంగు అలవాటే కాబట్టి మనకైతే అదేం ఇబ్బంది అనిపియ్యదు.

ఉలి_సుత్తె:

రంగు మాట వచ్చింది కాబట్టి ఒకటి కలుపుత. ప్రాక్సిటెలీస్ అనే పెద్ద శిల్పిని నీ బొమ్మలల్ల నీకు ఏవి ఇష్టం అని అడిగితే, నికియాస్ చెయ్యి పడ్డవి అన్నడంట. నికియాస్ రంగులేసేటోడు. శిల్పి నోట్లకెల్లి గంత మాట రావాలంటే రంగు పని ఎంత గొప్పగ ఉండాలె.

కంచు బొమ్మలకు ఆ గొడవే లేదు, కొత్తగ పోసిన కంచు ఎండల తిరిగిన మగోని ఒంటి రంగే ఉంటది. రియాచే బొమ్మలకు పెదవులు, చనుమొనలు రాగివి, ఒకదానికి పండ్లు వెండివి. మన పంచలోహ విగ్రహానికి గూడ మైనం బొమ్మ చేసి మట్టి పూసి కరిగించి పోస్తరు, గని మనది మామూలుగ లోపల గట్టి, వాళ్ళ పెద్ద బొమ్మలు లోపల డొల్ల, లోహం పల్చగ. డొల్లగ ఉంటేనే 2 మీటర్ల మనిషి ఒక్క కాలు మీద బరువేసి చెయ్యి చాపి నిలబడ్తడు, చెట్టు మొద్దు ఆనించే పని లేదు. ఆ మొద్దు రోమన్లది. కంచు బొమ్మను సూసి పాలరాతిల కాపీ చేస్తే కాలి మడమ కాడ విరుగుతది, అందుకని కాలుకు ఆనించి మొద్దు, చేతికి తొడకు మధ్యల రాతి ముక్క పెట్టిండ్రు. నేపుల్స్‌ల ఉన్న బల్లెం మనిషి, పాంపేల దొరికింది, 2.12 మీటర్లు, దానికి కుడి కాలు ఎనక మొద్దు ఉంటది. అసలు కంచు బొమ్మలు చానా వరకు తర్వాత తర్వాత కరిగించుకున్నరు, నాణేలకు, గిన్నెలకు. సముద్రంల మునిగినయి, మట్టిల పూడినయి కొన్నే బతికినయి. కాబట్టి మీ ఆర్టిస్టు గోడ మీద కంచు రంగు ఏస్తే మొద్దు తీసెయ్యాలె, తెలుపు ఏస్తే ఉంచాలె. రెండు కలిపి ఏస్తే మా అసొంటోళ్ళు సూసి నవ్వుతరు.

బొమ్మలక్క_గద్వాల:

నేను పిల్లలకు డ్రాయింగ్ నేర్పిస్త. ఇంత సేపు మగోళ్ళ ఒళ్ళు గురించే మాట్లాడుతుండ్రు, ఆడోళ్ళ బొమ్మలకు ఏమైంది? ముందటి రెండు మూడు వందల ఏండ్లు యువకుని బొమ్మ నగ్నంగ, యువతి బొమ్మ నిండ బట్టలతోని. ఏథెన్స్ కోటల దొరికిన క్రీ.పూ. 530 నాటి అమ్మాయి బొమ్మ ఉన్నది, మెడ కాంచి మడమ దాంక బట్టనే, ముఖం మాత్రం చిరునవ్వు. ఏథెన్స్ మంచి ఇంటి ఆడపిల్ల బయటికి రావుడే తక్కువ, ఇగ మైదానంల ఎవరు సూస్తరు ఆమెను. శిల్పికి మగ ఒంటి మీద ఉన్న పట్టు ఆడ ఒంటి మీద లేకపోవుడుకు అదో కారణం అనుకుంట.

అయితే బట్టను పట్టుకొనే వాళ్ళు ఒళ్ళు చూపెట్టిండ్రు, గది చూసినంక నాకు మతి పోయింది. క్రీ.పూ. 410 ప్రాంతంల ఏథెన్స్ కోట మీద నీకే అనే విజయ దేవత చిన్న గుడి చుట్టు గోడకు చెక్కిన దేవత, ఒంగి చెప్పు సర్దుకుంటది, బట్ట తడిసినట్టు ఒంటికి అంటుకొని కింద భుజం, కడుపు, మోకాలు అన్ని తెలుస్తయి. పూర్తి నగ్నంగ నిలువెత్తు దేవతను చేసింది ప్రాక్సిటెలీస్, క్రీ.పూ. 350 అటుఇటు. అఫ్రొడైటి అనే ప్రేమ దేవత బొమ్మలు రెండు చేసి పెట్టిండంట, ఒకటి బట్టలతోని ఒకటి లేకుండ, ధర ఒకటే. కోస్ దీవోళ్ళు మర్యాదగ బట్టలున్నది కొనుక్కున్నరు, మిగిలింది నైడస్ ఊరోళ్ళు కొన్నరు. తర్వాత నైడస్ బొమ్మను సూడనీకి జనం ఓడలెక్కి వచ్చిండ్రు, నికోమీడిస్ అనే రాజు ఊరి అప్పంత నేను తీరుస్త బొమ్మ నాకియ్యుండ్రి అంటే ఇయ్యలె. కోస్ బొమ్మ గురించి మాట్లాడినోడు లేడు. జిమ్మన్నా మీ దగ్గరికి లేడీస్ బ్యాచ్ వస్తే గోడకు ఒక దిక్కు నీకే దేవతను ఏపియ్యి, బాగుంటది.

చిట్యాల_పెద్దాయన:

ఇదంత బాగనే ఉన్నది గని మన అలంపురం, మన పానగల్లు గుళ్ళ మీద శిల్పాలు లేవా, ఎక్కడో గ్రీసు దేశం బొమ్మలు గోడకెందుకు? పైగ బట్టల్లేని బొమ్మ ఏస్తే పిల్లలను పంపుతరా తల్లిదండ్రులు. మనోళ్ళకు శరీరం చెక్కుడు రాలేదా ఏంది?

ఉలి_సుత్తె:

రాలేదని ఎవలన్నరు పెద్దాయనా. అలంపురం నవబ్రహ్మ గుళ్ళు బాదామి చాళుక్యులవి, అక్కడ స్వర్గబ్రహ్మ గుడి మీద ఎగిరే జంటలను సూసిండ్రా, మోకాళ్ళు ఎనకకు మడిచి గాల్ల తేలుతున్నరు. రాతిల బరువే లేదు. పోజు మనోళ్ళకు గూడ తెలుసు, నిటారుగ నిలబడితే సమభంగం, జర ఒంగితే ఆభంగం, మూడు ఒంపులు తిరిగితే త్రిభంగం అని పేర్లు పెట్టిండ్రు. తేడా ఏందంటే మనకు నరాలు, కీళ్ళు బయటికి కనపడొద్దు. మహాపురుష లక్షణాలల్ల అదొకటి. లోపల ఊపిరి నిండి ఒళ్ళు నునుపుగ ఉబ్బినట్టుండాలె, కండ కండకు గీత పెడితే అది మనిషి అయితది, దేవుడు కాడు అనేటోడు మా గురువు. గ్రీకోనికి దేవుడు గూడ కసరత్తు చేసిన మనిషే. పాలమూరు అక్క చెప్పిన చేతులు కిందికి పెట్టి నిలబడ్డ బొమ్మ సూసి కొందరు మన జైనుల బాహుబలి లెక్కుంది అంటరు, శ్రవణబెళగొళల 57 అడుగులది. నిలబడుడు చూస్తే దగ్గరే. గని బాహుబలి కదలకుండ తపస్సుల నిలబడ్డడు, కాళ్ళకు తీగలు పాకినయి. ఆ గ్రీకు పిల్లగాడు ఒక అడుగు ఏసిండు.

బట్టల సంగతికి, గోచి ఏపియ్యి జిమ్మన్నా, ఎవలేమంటరు. లేకపోతే ఎనక నుంచి ఏపియ్యి.

నకిరేకల్_నవ్వులు:

ఎనక నుంచి ఏస్తే తల్లిదండ్రులు ఇంక పంపరు హహ

జిమ్మన్న_నల్లగొండ:

నడుము పై దాంకనే ఏపిస్త, గట్టు దాంక. పెద్దాయనా ఇంకో గోడ ఖాళీగనే ఉన్నది, అలంపురం ఎగిరే జంట ఫోటో ఎవరి దగ్గరన్న మంచిది ఉంటే పెట్టుండ్రి. ఉలి అన్నా చివరికి ఒకటి, ఆ పాలరాయి అంత సన్నగ నరం దాంక చెక్కొస్తది కదా, మన నల్లరాతిల ఎందుకు రాదు? హైదరాబాద్ సాలార్‌జంగ్‌ల ముసుగేసుకున్న రెబెక్కా బొమ్మ సూసిన, ముసుగు లోపల ముఖం గూడ కనపడ్తది, గది గ్రీకుదేనా?

ఉలి_సుత్తె:

గ్రీకుది కాదు తమ్మీ, ఇటలీ శిల్పి బెంజోనిది, పంతొమ్మిదో శతాబ్దం, మొదటి సాలార్‌జంగ్ 1876ల రోముల కొన్నడు. రాయి మాత్రం అదే జాతి, పాలరాయి. గట్టిదనం కొలిచే మోస్ లెక్కల పాలరాయి 3 కాడ ఉంటది, మన గ్రానైట్ 6, 7. కత్తి మొనతోని పాలరాతిని గీకొచ్చు, గ్రానైట్‌ను గీకితే కత్తే అరుగుతది. పాలరాతిల వెలుతురు కొంచెం లోపలికి పోయి తిరిగొస్తది, అందుకే చర్మం లెక్క కనపడ్తది. గ్రీకోళ్ళకు నక్సోస్, పారోస్ దీవులల్ల, ఏథెన్స్ పక్కన పెంటెలి గుట్టల అది దండిగ దొరికింది, నక్సోస్‌ల సానబెట్టే కురువింద రాయి గూడ ఉన్నది. నక్సోస్ క్వారీల 10 మీటర్ల పైన బొమ్మ ఒకటి సగం చెక్కి ఒదిలేసింది ఇప్పటికి ఎల్లెలకల పండుకొని ఉన్నది, ముఖం, చేతులు మోటుగ మొదలుపెట్టిండ్రు, గంతే. క్వారీలనే మోటుగ చెక్కుకుంటే బరువు తగ్గుతది, మోసుడు అల్కగైతది, మేము గూడ గట్లనే చేస్తం.

మన రాతిల నరం రాదని కాదు, వస్తది, గని వేలు సన్నగ విడిగ పెడితే సుత్తె దెబ్బకు ఎగిరిపోతది. అందుకే చెయ్యి ఒంటికి ఆనిచ్చి పెడ్తం, లేకపోతే ఎనక రాయి ఒదిలిపెడ్తం. ఇప్పుడు మెషిన్లు వచ్చినంక జర సులువైంది. ఫోటో నా దగ్గర ఉన్నది, ఆదివారం పెడ్త.